ఒంటరిగా కొనుక్కోలేని ఆరోగ్యం

మనిషికి రోజుకు కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. డెబ్బై ఏళ్లు బతికినా మొత్తం కలిపి నాలుగు గ్రాములు దాటదు. టీ చెంచాడు కూడా కాదన్నమాట. ఆ కాస్త అందకపోతే మెడ దగ్గరున్న థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గాయిటర్ వస్తుంది. ఇది పైకి కనిపించే నష్టం. కనిపించనిది ఇంకా పెద్దది. కడుపుతో ఉన్న తల్లికి అయోడిన్ చాలకపోతే బిడ్డ మెదడు ఎదగాల్సినంత ఎదగదు. ఆ బిడ్డ రేపు బడిలో వెనకబడితే "వాడికి చదువు అబ్బలేదులే" అని వదిలేస్తారు తప్ప, ఉప్పు సంగతి ఎవరికీ తట్టదు.

ప్రజారోగ్యం అనగానే మనకు గుర్తొచ్చేవి సర్కారు దవాఖానా, ఆరోగ్యశ్రీ కార్డు, 108 అంబులెన్స్. ఇవన్నీ జబ్బు చేశాక పనికొచ్చేవి. ప్రజారోగ్యం అసలు పని అంతకు చాలా ముందే మొదలవుతుంది. పొద్దున్నే పుక్కిలించే నీళ్లలో, ఉప్మాలో పడే ఉప్పులో, పసిబిడ్డ భుజం మీద మిగిలిపోయిన టీకా మచ్చలో అది ఉంటుంది. ఆ పని బాగా జరిగిన ఏడాది ఊళ్లో ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడం పేపర్లో వార్త కాదు, దానికి ఎవరూ శిలాఫలకం వేయరు. అందుకే ఇది ఎలా పనిచేస్తుందో చాలామందికి అంతుపట్టదు. బాగా చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నాలుగు ఆస్పత్రులు కట్టించడంతో సమానం అనుకుంటారు.

ఉప్పు దగ్గర్నుంచే చూద్దాం. హిమాలయాల దిగువ ప్రాంతాల్లో వానలు, వరదలు, కరిగే మంచు కలిసి నేలలోని అయోడిన్‌ను కడిగేస్తాయి. ఆ నేలలో పండిన గింజలోనూ, ఆ గడ్డి మేసిన గేదె పాలలోనూ అది ఉండదు. ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న కాంగ్రా లోయలో ఒకప్పుడు ఏ ఊరికెళ్లినా మెడ కింద వాపుతో మనుషులు కనిపించేవారు. 1956లో అక్కడ ఒక పరిశోధన మొదలైంది. దాన్ని నడిపించినవారిలో ముఖ్యుడు మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఆయన తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరయ్యారు. భారత వైద్య పరిశోధనా మండలికీ నేతృత్వం వహించారు.

కాంగ్రాలో చేసిన పని చెప్పుకోవడానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. లోయను మూడు భాగాలు చేశారు. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. ఎవరికీ సూది వేయలేదు, మాత్ర ఇవ్వలేదు. జనం ఎప్పటిలాగే కొట్టుకెళ్లి ఉప్పు కొనుక్కుని పప్పులో వేసుకున్నారు. ఆరేళ్ల తర్వాత చూస్తే అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాల్లో గాయిటర్ సగానికి సగం పడిపోయింది. మామూలు ఉప్పు తిన్నచోట ఎప్పట్లాగే ఉంది. ఆ తర్వాత అక్కడికీ అయోడిన్ ఉప్పు పంపితే అక్కడా తగ్గింది. ఈలోగా 1962లో కేంద్రం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. మొదట్లో ఇది కొండ ప్రాంతాల జబ్బే అనుకున్నారు. సర్వేలు చేసేకొద్దీ మైదానాల్లోనూ లోటు బయటపడటంతో, తినే ఉప్పంతా అయోడిన్ ఉప్పే కావాలని 1980ల్లో నిర్ణయించారు.

గొడవ అక్కడే మొదలైంది. అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మకూడదని 1998లో నిబంధన తెచ్చారు, 2000లో ఎత్తేశారు, 2006లో మళ్లీ అమల్లోకి తెచ్చారు. ఉప్పు కోసం దండికి నడిచిన దేశంలో ఫలానా ఉప్పే తినాలని సర్కారు చెప్పడమేమిటన్న ప్రశ్న వచ్చింది. చిన్న కయ్యల్లో ఉప్పు పండించేవాళ్లు యంత్రాలు, ప్యాకింగ్ ఖర్చు భరించలేక పెద్ద కంపెనీల చేతిలో పడతారన్న భయమూ వచ్చింది. రామలింగస్వామి పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోనే నౌపడ ఉప్పు కయ్యలున్నాయి కాబట్టి మనకు ఇది దూరపు గొడవ కూడా కాదు. ఈ అభ్యంతరాలను కొట్టిపారేయలేం. అయినా నా లెక్కలో నిబంధనే సరైనది. ఇక్కడ నష్టపోయేది ఇంకా పుట్టని బిడ్డ. ఏ ఉప్పు కావాలో ఎంచుకునే వీలు ఆ బిడ్డకు లేదు. కాకపోతే చిన్న ఉత్పత్తిదారులు మారడానికి అయ్యే ఖర్చు వాళ్ల నెత్తిన రుద్దకుండా సర్కారే మోయాల్సింది.

లెక్క కూడా చూడండి. ఇంటికి చేరిన ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. రోజుకు పది గ్రాముల ఉప్పు తిన్నవాడికి దాంతో సరిగ్గా 150 మైక్రోగ్రాములు అందుతాయి. బీపీ వస్తుందని ఉప్పు తగ్గించుకోమంటున్నారు కదా, అప్పుడెలా? రేపు జనం నిజంగానే తగ్గిస్తే ప్యాకెట్లో అయోడిన్ కొంచెం పెంచొచ్చు, అంతే. ఆవకాయకు కల్లుప్పు తెచ్చుకున్నా రోజూ కూరలో వేసేది అయోడిన్ ఉప్పయితే చాలు. నాకు నవ్వొచ్చేదల్లా ఆరోగ్యం పేరుతో కిలోకు వందలు పోసి హిమాలయన్ పింక్ సాల్ట్ తెచ్చుకునేవాళ్లను చూసి. ప్యాకెట్ మీద అయోడిన్ కలిపినట్టు లేకపోతే, అరవై డెబ్బై ఏళ్ల కిందట కాంగ్రా జనానికి తప్పించిన లోటును వాళ్లు డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకుంటున్నట్టే.

ఇందులో ఒక మెలిక ఉంది. అయోడిన్ ఉప్పు తినడం వల్ల నాకు ఒరిగిందేమిటో నేను చూపించలేను. మామూలు ఉప్పు తిన్నా నాకేమీ అయ్యేది కాదేమో. కోట్లమంది తింటే లక్షల బిడ్డలకు మేలు జరుగుతుంది, కానీ ఆ లక్షల్లో ఎవరెవరున్నారో ఎప్పటికీ తెలియదు. బ్రిటన్‌కు చెందిన జెఫ్రీ రోజ్ అనే వైద్య శాస్త్రవేత్త 1980ల్లో దీన్ని విడమరచి చెప్పాడు. సమాజం మొత్తానికి పెద్ద మేలు చేసే పని, అందులో పాల్గొన్న ఒక్కో మనిషికి చేసే మేలు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. బీపీ బాగా పెరిగినవాళ్లకు ప్రమాదం ఎక్కువే, కానీ వాళ్లు కొద్దిమంది. కాస్త పెరిగినవాళ్లు బోలెడుమంది కాబట్టి మొత్తం గుండెపోట్లలో ఎక్కువ భాగం వాళ్లలోనే వస్తాయి. డాక్టరు ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తాడు. ప్రజారోగ్యం ఊరంతటినీ ఒక్కసారిగా చూస్తుంది. రెండు చూపులూ కావాల్సినవే, కానీ ఒకదాని ప్రశ్నకు రెండోదాని దగ్గర జవాబు దొరకదు.

బోదకాలు మాత్రలు పంచే రోజున ఆశ కార్యకర్తకు గుమ్మంలోనే ఎదురయ్యే ప్రశ్న ఇదే. "నాకు బోదకాలు లేదు కదమ్మా, మాత్ర నాకెందుకు?" నిజమే, ఆయన కాళ్లు శుభ్రంగానే ఉన్నాయి. కానీ బోదకాలు పురుగు పిల్లలు ఏ లక్షణమూ లేని మనిషి రక్తంలో కూడా తిరుగుతుంటాయి. వాటిని దోమ పీల్చుకుని పక్కింటి మనిషికి చేరవేస్తుంది. ఆ రోజు పంచే డీఈసీ అనే మాత్ర ఆ పిల్లల్ని చంపేస్తుంది. పెద్ద పురుగులు ఒంట్లో ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి ఒక్కసారి వేసుకుంటే సరిపోదు, ఏటేటా వేసుకోవాలి. అది కూడా ఊళ్లో ఎక్కువమంది ఒకే సమయంలో వేసుకోవాలి. సగంమంది మాత్ర తీసుకుని కిటికీలో పెట్టేస్తే దోమకు ఆ సగం మంది రక్తం చాలు. అందుకే "నా ఎదురుగానే మింగండి" అని ఆశ కార్యకర్త పట్టుబడుతుంది. మాత్ర మింగాక కొందరికి ఒళ్లు వెచ్చబడుతుంది, తలనొప్పి వస్తుంది. ఆ కబురు వీధంతా పాకి మిగతావాళ్లు భయపడతారు. చాలాసార్లు ఆ జ్వరం, ఒంట్లో చచ్చిపోతున్న పురుగు పిల్లల వల్లే వస్తుంది. అంటే మాత్ర అవసరమైన మనిషికే చేరిందని అర్థం.

ఈ డీఈసీ మందు 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో తయారైంది. కోస్తాలో బోదకాలు ఎంత పాత జబ్బో గోదావరి జిల్లాలవాళ్లకు చెప్పనక్కర్లేదు. మందు కనిపెట్టడం ఒక ఎత్తు. దశాబ్దాలు గడిచాక కూడా దాన్ని గడపగడపకూ తీసుకెళ్లి, ఏమీ తినకుండా ఉన్నవాళ్లను "ముందు రెండు ముద్దలు తినండి" అని కూర్చోబెట్టి మింగించడం ఇంకో ఎత్తు. రెండోదాన్ని మనం సైన్సు కింద లెక్కేయం. వేయాలి.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడ చిక్కుముడి ఎక్కువ.

ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలపడం చూస్తే ఏముంది అందులో అనిపిస్తుంది. వాటర్‌మాన్ పౌడరును ముందు బకెట్లో కొంచెం నీళ్లతో జావలా కలిపి, ఇంకా నీళ్లు పోసి కాసేపు వదిలేస్తాడు. సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లనే ట్యాంకులో పోయాలి, అడుగు పారబోయాలి. మామూలు లెక్క వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే నలభై వేల లీటర్ల ట్యాంకుకు వంద గ్రాములు. ఇది తాజా పౌడరుకు, తేటగా ఉన్న నీళ్లకు. నోరు విప్పిన బస్తా గోడవారగా తేమలో నెలల తరబడి పడి ఉంటే అందులో క్లోరిన్ ఎగిరిపోయి ఉత్త సున్నం మిగులుతుంది. అప్పుడు వంద గ్రాములు వేసినట్టు రిజిస్టర్లో ఉంటుంది, నీళ్లలో మాత్రం రక్షణ ఉండదు.

అందుకే అసలు పరీక్ష ట్యాంకు దగ్గర కాకుండా పైపులైను చిట్టచివర ఉన్న ఇంటి కుళాయి దగ్గర చేయాలి. చిన్న గాజు గొట్టంలో ఆ నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. ఆ రంగును పక్కనున్న నమూనాతో పోల్చి చూస్తారు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అక్కడిదాకా మిగిలి ఉండాలి. మిగలడమే ముఖ్యం. ట్యాంకు నుంచి ఇంటికి వచ్చే దారిలో ఎక్కడైనా మురుగు కలిస్తే దాన్ని ఎదుర్కోవడానికి నీళ్లలో కాస్త క్లోరిన్ నిలవ ఉండాలి కదా. "నీళ్లు బ్లీచింగ్ వాసనొస్తున్నాయి" అని మనం విసుక్కుంటాం. వానాకాలంలో ఆ కాస్త వాసన వస్తే నేనైతే సంతోషిస్తాను.

మురుగు ఎలా కలుస్తుందంటే, మన ఊళ్లలో నీళ్లు ఇరవై నాలుగు గంటలూ రావు. రోజుకో గంట, కొన్నిచోట్ల రెండు రోజులకోసారి. నీళ్లు వచ్చేటప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉన్నా నీళ్లు బయటికే పోతాయి. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి పోతుంది. పక్కన మురుగు కాల్వ ఉంటే అదే చిల్లులోంచి మురుగు లోపలికి దిగుతుంది. మర్నాడు కుళాయి తిప్పగానే మొదట వచ్చేది అదే. దీనికి తోడు నల్లాకు నేరుగా మోటారు బిగించుకునేవాళ్లు ఉంటారు. మోటారు వీధి పైపులోంచి నీళ్లను గుంజుతుంటే, ఆ గుంజుడుకు చిల్లుల్లోంచి మురుగూ వస్తుంది. వాళ్ల సంపు నిండుతుంది, వీధి మొత్తం ఆస్పత్రిలో పడుతుంది. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మంచినీళ్లలో మురుగు కలిసి కలరా ప్రబలి మనుషులు చనిపోయారు. నగరం నడిబొడ్డున, ఐటీ రాజధాని అని పేరు మోగుతున్న రోజుల్లో జరిగింది ఇది.

వీటన్నిటి నడుమ మధ్యతరగతి వెతుక్కున్న దారి ఇరవై లీటర్ల క్యాను. పల్లెల్లో కూడా ఆర్వో ప్లాంటు లేని ఊరు తక్కువే ఇప్పుడు. క్యాను తెచ్చుకునేవాళ్లను నేను తప్పుపట్టను, మా ఇంట్లోనూ అదే. కానీ రెండు విషయాలు తెలిసి తాగాలి. ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు. శుద్ధి చేశాక కడగని క్యానులో పట్టినా, మూత తెరిచి గ్లాసు ముంచినా అందులో పడిన క్రిమిని ఆపడానికి ఏమీ లేదు. ఇక రెండోది నీళ్లకంటే మనుషులకు సంబంధించినది. గట్టిగా అడగగలిగినవాళ్లు, ఫోన్ చేస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పలికేవాళ్లు కుళాయి నీళ్లు తాగడం మానేస్తే, కుళాయి గురించి అడిగేవాడు ఉండడు. క్యాను కొనలేనివాళ్లు, బయట పనిచేసే కూలీలు, హాస్టల్ పిల్లలు ఆ నీళ్లే తాగుతారు. పోనీ క్యాను కొన్నవాడు తప్పించుకున్నాడా అంటే అదీ లేదు. గిన్నెలు కడిగేది, కూరగాయలు కడిగేది, పళ్లు తోముకునేది కుళాయి నీళ్లతోనే. మూల మీది బండి పానీపూరీలో ఉన్నవీ అవే.

అడగడం అంటే ఎలా ఉంటుందో నల్లగొండ చూపించింది. అక్కడి బాధ వేరు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడనిది, అక్కడ చాలా ఊళ్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పళ్లు గారపట్టడంతో మొదలై ఎముకలు వంగి, వెన్ను బిగుసుకుపోయేది. క్లోరిన్ దీన్ని ఏమీ చేయలేదు. కాచితే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ నీరీ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టింది, దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. పేరైతే వచ్చింది గానీ, ఆ పద్ధతిని రోజూ కొలతలు తప్పకుండా ఊరూరా నడపడం కుదిరే పని కాదు. నిలబడే పరిష్కారం నది నీళ్లు తేవడమే. దానికోసం 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. అంత పొడుగు బ్యాలెట్ పేపర్ కోసం ఎన్నికనే వాయిదా వేయాల్సి వచ్చింది. మందుల షాపులో దొరికేదేదీ ఆ జబ్బును ఆపలేదు. ఎవరి ఇంటికి వారు ఫిల్టరు పెట్టుకునే స్తోమత అప్పట్లో ఎవరికీ లేదు కాబట్టే అంతమంది ఒకే మాట మీద నిలబడ్డారేమో అని నాకనిపిస్తుంది.

దోమల దగ్గర మనం ఇంకోలా బోల్తా పడతాం. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే పెట్టడంలో లెక్క అదే. వారానికోసారి నీళ్లు పారబోస్తే ఏ పురుగూ దోమయ్యేదాకా బతకదు. అయితే ఈ దోమ గుడ్లు పెట్టేది తొట్టి గోడకు, నీళ్ల అంచున. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి ఒంపేస్తే సరిపోదు, గోడను పీచుతో రుద్దాలి. ఇంత చెప్పినా జనం అడిగేది ఫాగింగే. "మా వీధికి పొగ కొట్టలేదు" అన్నదే ఫిర్యాదు. పొగ ఆ సమయంలో ఎగురుతున్న దోమలను చంపుతుంది, కూలర్ అడుగున ఉన్న పురుగులను ముట్టుకోదు. రెండు రోజులకు మళ్లీ దోమలు తయారు. కానీ పొగ కనబడుతుంది, మోత వినబడుతుంది, ఫొటోలో పడుతుంది. డాబా ఎక్కి పాత టైరు తిరగేసిన మలేరియా సిబ్బంది ఫొటో ఎవరూ తీయరు. దోమే మలేరియా మోస్తుందని 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ తేల్చింది మన సికింద్రాబాద్‌లోనే. అయినా పక్కింటి కూలరు మన జ్వరానికి కారణమవుతుందన్న ఇంగితం ఇంకా రాలేదు.

ఏదైనా ప్రబలే ముందు సంకేతాలు వస్తాయి. ఒకే వీధిలో ఒకే వారంలో నలుగురికి విరేచనాలు. దాన్ని పట్టుకోవడానికే 2004లో వ్యాధుల నిఘా వ్యవస్థ పెట్టారు. ఏఎన్ఎం నర్సమ్మ తన పరిధిలో వచ్చిన జ్వరాలు, విరేచనాలు, కామెర్ల లెక్క పంపాలి, ఆస్పత్రులు, ల్యాబులు వాటి లెక్క పంపాలి. కాగితం మీద చక్కటి ఏర్పాటు. కానీ ఊళ్లో విరేచనాలు పట్టుకున్నవాళ్లు మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన సెలైన్ ఎక్కించి పంపేస్తాడు, ఆ నలుగురూ ఏ లెక్కలోకీ రారు. లెక్కలోకి వచ్చేసరికి నలుగురు నలభైమంది అవుతారు. అప్పుడు మెడికల్ క్యాంపు, నాయకుల పరామర్శ, ట్యాంకు కడిగించడం, "కాచి చల్లార్చిన నీళ్లే తాగండి" అని మైకు ప్రచారం. ఆర్‌ఎంపీలను ఎలా చూడాలన్న వాదన ఒక పక్కన ఉండనివ్వండి. నలుగురు రాగానే నర్సమ్మకు ఒక్క ఫోన్ చేసే అలవాటు వాళ్లకు చేయగలిగితే పది రోజులు ముందే మేలుకోవచ్చు. టీబీ విషయంలో ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రతి కేసూ తెలియజేయాలని 2012 నుంచి నిబంధన ఉంది. విరేచనాలకు అలాంటి పట్టుదల కనిపించదు, చిన్న జబ్బు అనుకోవడం వల్ల కావచ్చు.

చాలా ఊళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు స్తంభం మీద కడిగిన తేదీ పెయింటుతో రాసి ఉంటుంది. అది చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈసారి గ్రామసభలోనో, వార్డు సమావేశంలోనో సీసీ రోడ్డు సంగతి అయ్యాక ఇంకో మాట అడగండి. చివరి ఇంటి కుళాయిలో క్లోరిన్ పరీక్ష ఎప్పుడు చేశారు, ఎంత వచ్చింది? కిట్టు ఉందిగానీ చుక్కల మందు అయిపోయిందంటారు చాలాచోట్ల. ఆ సీసా ఖరీదు ఒక్క సెలైన్ బాటిల్ ఎక్కించినందుకు ఇచ్చే డబ్బుతో పోలిస్తే ఎంతో కాదు. అక్కడికక్కడే తెప్పించమని తీర్మానం రాయించొచ్చు.